గాలికి దారి

మోటార్‌సైకిల్ ఇంజిన్ కవర్ చేతికొస్తే నేను ముందు లోపలి వైపు తిప్పి చూస్తాను. పైనంతా రంగు, నునుపు. లోపల చిన్న చిన్న గుండ్రటి ముద్రలుంటాయి. డై, అంటే అచ్చు, తెరుచుకోగానే వేడి ముక్కను బయటికి నెట్టిన ఎజెక్టర్ పిన్నుల గుర్తులవి.

కరిగిన అల్యూమినియాన్ని ఉక్కు డైలోకి ఒత్తిడితో కొట్టడమే డై కాస్టింగ్. అయితే డైలో అప్పటికే గాలి ఉంటుంది. లోహం నిండాలంటే అది వెళ్లిపోవాలి. నా దృష్టిలో ఈ విద్య అంతా అక్కడే ఉంది.

లోహాన్ని డైలోకి కొట్టే తీరు, అంటే షాట్, చూడండి. 600 డిగ్రీలు దాటిన లోహాన్ని లాడిల్ అనే గరిటెతో స్లీవ్ అనే గొట్టంలో పోస్తారు. స్లీవ్ పూర్తిగా నిండదు, పైనంతా గాలే. అందుకే లోహాన్ని తోసే ప్లంజర్ మొదట నిదానంగా కదులుతుంది. అక్కడ తొందరపడితే లోహం అలలా లేచి విరిగి గాలిని తనలో చుట్టేసుకుంటుంది. లోహం డైలోకి దూరే గేటు దాకా వచ్చాక మాత్రం ఆలస్యం పనికిరాదు. పలచటి గోడల్లో గడ్డకట్టేలోపే నిండిపోవాలి. గేటు దగ్గర వేగం సెకనుకు 30 నుంచి 50 మీటర్లు. డై నిండడానికి సాధారణంగా సెకనులో పదోవంతు కూడా పట్టదు. నిండిన మరుక్షణం ఒత్తిడి ఇంకా పెంచుతారు. చల్లారుతూ కుంచించుకుపోయే అల్యూమినియానికి ఆ లోటు పూడ్చాలి, మిగిలిన గాలిని నలిపేయాలి.

ఆ రెప్పపాటులో గాలి బయటపడేందుకు డై చేసినవాడు అంచుల్లో దారులు కోసి ఉంచుతాడు. లోతు సుమారు 0.1 మిల్లీమీటరు. బాగా లోతైతే లోహమే చిమ్ముతుంది, తక్కువైతే గాలి ఇరుక్కుంటుంది. చివర నిండే మూల ఏదో ముందే పసిగట్టి అక్కడ పొంగిన లోహం చేరే ఓవర్‌ఫ్లో గుంట పెట్టాలి. కంప్యూటర్ ఎంత చూపించినా, ట్రయల్ ముక్కను కోసి చూడందే మంచి టూల్‌మేకర్ ఒప్పుకోడు. ఈ పని నేర్పడానికే 1968 నుంచి హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ నేర్చుకున్నవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

ఇరుక్కున్న గాలి ఊరికే ఉండదు. పగిలిన కేసింగ్‌కు వెల్డింగ్ పెడితే వేడికి ఉబ్బి బుడగలై పొంగుతుంది. వాక్యూమ్‌తో డైలోని గాలిని ముందే లాగేసే పద్ధతి వచ్చాకే, బరువు మోసే కారు బాడీ భాగాలను కూడా ధైర్యంగా ఇలా పోయగలుగుతున్నారు.

దుకాణంలో గాలి ఇరుక్కున్న కవరును, మంచి కవరును పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. త్వరగా చల్లారిన పైపొర గట్టిగానే ఉంటుంది, బ్లో హోల్స్ అనే గాలి బొరియలు దాని కిందే దాక్కుంటాయి. మెషినింగ్‌లో ఆ పొర తెగితేనే బయటపడతాయి. ఆయిల్ నిలవాల్సిన కేసింగులకు లీక్ టెస్ట్ చేసి అమ్మే కంపెనీ నాలుగు డబ్బులు ఎక్కువ అడిగినా నేను బేరమాడను.