మూడు గోడలు, ఒక అద్దము: 'ఫారెన్‌హీట్ 451' నవలపై వేదాంత పరిశీలన

రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన 'ఫారెన్‌హీట్ 451' నవలను సాధారణముగా పుస్తక దహనమును ఖండించే రచనగా చదువుతారు. ఇది సరియైన పఠనమే గాని సంపూర్ణము కాదు. పుస్తకాలు కాల్చే దళాధిపతి బీటీయే ఒక సంగతి ఒప్పుకొంటాడు: ప్రభుత్వము నిషేధించక ముందే ప్రజలు చదవడము మానుకొన్నారు. అనగా అగ్నికంటె ముందుగా పోయినది మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనే నిశ్శబ్దము.

కథానాయకుడు మోంటాగ్ భార్య మిల్డ్రెడ్ ఇందుకు ఉదాహరణ. ఆమె గదిలో మూడు గోడలు తెరలే. వాటిపై కనబడేవారిని 'కుటుంబము' అని పిలుస్తూ, నాలుగవ గోడ కూడ కావాలంటుంది. రాత్రివేళ చెవులలో చిన్న రేడియోలు మ్రోగుతూనే ఉంటాయి. ఒక రాత్రి మోతాదు మించి నిద్రమాత్రలు మింగి చావును తప్పించుకొన్న ఆమె, తెల్లవారిన తరువాత ఆ సంగతి చెప్పినా నమ్మదు. తన ప్రాణమునకు సంభవించినది తానే ఎరుగదు.

దీనికి విరుగుడుగా రచయిత అద్దమును చూపిస్తాడు. క్లారిస్ అనే యువతి ముఖము మోంటాగ్‌కు అద్దమువలె తోస్తుంది. బాంబులు పడే క్షణమున గోడలు ఆరిపోయి, మిల్డ్రెడ్ తన శూన్యమైన ముఖమును చూచుకొన్నట్లు అతడు ఊహిస్తాడు. చివరలో గ్రేంజర్ మొదట అద్దాల కర్మాగారమే కట్టాలంటాడు.

యాకోబు పత్రికలోను (1:23-25) అద్దమున్నది. అయితే ముఖము చూచుకొన్నవాడు వెంటనే మరచిపోగలడని యాకోబు హెచ్చరిస్తాడు. విన్నది చేయువానినే ధన్యుడంటాడు. మోంటాగ్ ప్రసంగి గ్రంథమును జ్ఞాపకములో మోస్తాడు. వాక్యమును భద్రపరచడము గొప్ప సంగతే, కాని అది విధేయత కాదు. అతడు, అతని సహచరులు శిథిలమైన నగరమువైపు నడక మొదలుపెట్టిన చోట నవల ముగుస్తుంది. యాకోబు అడిగే ప్రశ్న అక్కడే ప్రారంభమవుతుంది.

బోధకులమైన మనకు మరింత బాధ కలిగించే మాట ఫేబర్ నోట వస్తుంది. క్రీస్తును కూడ ఆ గోడల 'కుటుంబము'లో చేర్చి, తీపి పూసి, సరకులు అమ్మేవానిగా మార్చారని అతడు వాపోతాడు. ప్రసంగము సిద్ధపరచుకొనే వేళ ఎన్నిమారులు ఫోను చేతిలోనికి తీసుకొంటున్నానో ఒక శనివారము లెక్కించుకొని నేనే సిగ్గుపడ్డాను. ఆ స్థితిలో సిద్ధపడిన మాట వినువారికి అద్దమవుతుందా, నాలుగవ గోడ అవుతుందా? ప్రసంగవేదిక ఎక్కకముందు ప్రతి కాపరి ఈ ప్రశ్నను తనకు తాను వేసికొనుట అవసరము.