డమాస్కస్ ఉక్కు: సమ్మెటకు చెల్లు ఘనత ఎంత?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కలిసి పరిశోధించిన ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ 1985 ఫిబ్రవరి ‘సైంటిఫిక్ అమెరికన్’లో డమాస్కస్ ఉక్కును గురించి వ్రాసిన వ్యాసము లోహశాస్త్రమును సామాన్య పాఠకునికి రుచి చూపిన మంచి రచనలలో ఒకటి. అయినను అందలి వాదమంతటికి ఒకే వెల కట్టుట తగదు.

వ్యాసమునకు ప్రాణమైన విషయమిది: నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ల వరకు కర్బనము గల ఉక్కును తెల్లగా కాల్చక, 650–850 సెంటీగ్రేడు డిగ్రీల ఎరుపులోనే సాగగొట్టవలెను. అప్పుడేమగును? 727 డిగ్రీలకు దిగువన దెబ్బ తిన్న ఇనుప రేణువులు చపాతీలవలె అణగును. వాని లోపలి స్ఫటికపు అమరికలో పుట్టిన లోపములు గుంపుగూడి గోడలు కట్టును. సాగగొట్టిన కొలది గోడకు ఇరువైపుల అమరిక మరింత వేరై, ఒక పెద్ద రేణువున్న చోట అనేకములైన చిన్న రేణువులు నిలుచును. అవి వేడికి మరల పెరుగకుండ సన్నని సిమెంటైటు కణికలు అడ్డుపడును. రేణువు వ్యాసము నాల్గవ వంతైనచో దానివలన కలుగు బలము రెట్టింపగునని హాల్ (1951), పెచ్ (1953) కనుగొన్న సంబంధము తెలుపుచున్నది. పైగా పెళుసుదనము తగ్గును. బలము పెంచు ఉపాయములలో ఇట్టి లాభము అరుదు.

ఇంతవరకు వంక పెట్టుటకు లేదు. చిక్కు కత్తి దగ్గర వచ్చినది. ప్రయోగశాలలో మైక్రాను పాటి రేణువులు సాధించి, ఉక్కును తీగపాకమువలె ఎన్నోరెట్లు సాగదీసిన ఫలితమును, పాత కత్తిపై నీటి అలలవంటి చారలను పక్కపక్కన నిలుపగా, రెండును ఒకే పనితనమని పాఠకుడు తలచును. మైక్రాను రేణువు కంటికి కానరాదు. కనబడు చార ముతక సిమెంటైటు కణికల బారు. 1998లో వెర్‌హోవెన్, పెండ్రే, డౌక్ష్ పాత కత్తులను పరీక్షించి, ఆ బారులకు మూలము నూటికి 0.02 పాలైనను లేని వనాడియము వంటి మలినములని, పదేపదే కాచి చల్లార్చుటలో కణికలు ఆ జాడల వెంటనే పేరుకొనునని వాదించిరి. చారల విషయమున ఈ వాదమే బలమైనది.

తెలుగువారికి ఇది వట్టి తర్కము కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో రెండు చోట్ల ఇనుమును కలిపి మూసలలో కరగించిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారని 1832లో ప్రచురితమైన వాయిసీ వర్ణన తెలుపును. మలినములే మూలమైనచో ఘనతలో పెద్దపాలు ఆ ఇనుమును ఏరి కలిపినవానిది. సమ్మెటను నాయకునిగా నిలిపిన వాదములో ఆ పాలు చిక్కిపోవును. అట్లని కత్తి కొట్టినవాని పని అల్పమని కాదు. కాక కొంచెము మించినచో సిమెంటైటు కరగి, మూసవాడు ఇచ్చిన చార మాయమగును.