గడియార స్తంభం, చెత్తడబ్బా మూతలు

బెల్‌ఫాస్ట్‌లోని ఆల్బర్ట్ గడియార స్తంభం ఒరిగి ఉంటుంది. మెత్తటి నేలలో చెక్క దుంగల మీద లేపిన 113 అడుగుల కట్టడం నాలుగడుగుల మేర పక్కకు వాలింది. కెరొల్ రీడ్ 1947లో తీసిన ‘ఆడ్ మ్యాన్ అవుట్’లో ఈ గడియారం కథకు కాపలా కాస్తుంది. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఒక మనిషికి మిగిలిన గంటలను లెక్కపెడుతుంది.

ఆ సినిమా ఆకాశం నుంచి మొదలవుతుంది. కెమెరా విమానంలోంచి ఊరంతా పరిచి చూపిస్తుంది. ఊరి పేరు మాత్రం చెప్పదు. యాన్ డెమాంజ్ 2014 నాటి ‘71’ ఇందుకు సరిగ్గా తలకిందులు. అందులో బెల్‌ఫాస్ట్ పేరు మారుమోగుతుంది. వీధులు మాత్రం చాలావరకు ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌వి. ఊరిని చూపించి భయపెట్టడం ఒక పద్ధతి, దాచి భయపెట్టడం ఇంకొకటి.

‘71’ ముఖం మీద పడే పిడిగుద్దులతో మొదలవుతుంది. సైనిక శిక్షణలో బాక్సింగ్ అది. అప్పటి నుంచి కెమెరా బ్రిటిష్ సైనికుడు గ్యారీ హుక్‌ను (జాక్ ఓకానెల్) విడిచిపెట్టదు. ఎవరి పేట ఎక్కడుందో అధికారి పటం మీద చూపిస్తాడు. వీధిలో దిగాక ఆ పటం ఎందుకూ కొరగాదు. ఆడవాళ్లు చెత్తడబ్బా మూతలను పేవ్‌మెంటు మీద కొట్టడం మొదలుపెడతారు. సైన్యం వచ్చిందని పేటను మేల్కొలిపే ఆ చప్పుడు ఆనాటి బెల్‌ఫాస్ట్‌లో నిజంగా ఉన్నదే. ఈ సినిమాకు సంగీతం కూర్చిన డేవిడ్ హోమ్స్ సొంత ఊరు అది. ఆయన సంగీతం బాగుంది, కానీ ఈ రేకుల మోత ముందు ఏ వాద్యమూ నిలవదు. తోటి సైనికుడు కళ్లెదుటే తూటాకు కూలిపోగానే హుక్ సందుల్లో పడి పరుగెడతాడు. ఛాయాగ్రాహకుడు టాట్ రాడ్‌క్లిఫ్ పగటి దృశ్యాలను 16 ఎం.ఎం. ఫిల్మ్ మీద తీశాడు. ఆ గరుకుదనంలో, చేతిలో ఊగే కెమెరాలో మనకు దిక్కు తెలియదు. ‘శివ’ (1989)లో పాపను సైకిల్ ఎక్కించుకున్న నాగార్జున వెంట కార్లు పడినప్పుడు స్టెడీక్యామ్ నున్నగా జారుతూ మనకు దారి చూపిస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆ ఊరట కూడా లేదు.

అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టేది రీడ్ సినిమా మొదలే. జైలు నుంచి తప్పించుకున్న జానీ (జేమ్స్ మేసన్) ఆరు నెలలుగా ఒక ఇంట్లోనే దాక్కున్నాడు. మిల్లు దోపిడీకి కారెక్కగానే పగటి వెలుగుకు అతని కళ్లు తిరుగుతాయి, మేడలు ఊగుతాయి. నీడలకు పేరుపడ్డ ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్ ఇక్కడ భయాన్ని ఎండలోంచే పిండాడు. సంగీత దర్శకుడు విలియం ఆల్విన్ జానీ బాణీని ముందే రికార్డు చేస్తే, మేసన్ ఆ లయకే నడిచాడు. కానీ మిల్లు మెట్ల దగ్గర వినిపించేది ఆగని అలారం గంట ఒక్కటే. జానీ తూలి ఆగిపోతాడు. ఆ కాస్త ఆలస్యంలోనే పెనుగులాట, భుజంలో తూటా, కదులుతున్న కారు నుంచి పడిపోవడం. ఇందాక పైనుంచి ఊరంతా చూశాం కనుక, అతనికి దాక్కునే చోటు ఎంత తక్కువో మనకు ముందే తెలుసు. చివరికి యుద్ధకాలపు బాంబు షెల్టర్ చీకట్లోకి పాకుతాడు. అక్కడ కళ్లు మూతపడితే అతనికి కనిపించేది మళ్లీ జైలు గదే.