మంగళం తర్వాతి పాట

కచేరీలో మంగళం పాడాక ఎవరూ మళ్ళీ రాగం ఎత్తుకోరు. అది మర్యాద మాత్రమే కాదు. అప్పటిదాకా విన్నదానికంతా ఒక ఆకృతినిచ్చే సరిహద్దు. పాశ్చాత్య రాక్ సంగీతంలో ఆల్బమ్ అనే రూపానికీ అలాంటి సరిహద్దు ఉంది. ఏ పాటతో ముగించాలన్నది కళాకారులు ఆలోచించి తీసుకునే నిర్ణయం. అయితే 1990లలోనూ 2000లలోనూ జపాన్‌లో విడుదలైన ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌లు అనేకం ఆ సరిహద్దు దాటి మరో పాటను, ఒక్కోసారి రెండు మూడు పాటలను వినిపిస్తాయి. వీటినే బోనస్ ట్రాకులంటారు. సేకర్తలకు ఇవి అపురూపమైన వస్తువులు. సమీక్షల్లో మాత్రం వీటి ప్రస్తావన అరుదు. ఈ అదనపు పాట చేరిన తరువాత మనం వింటున్నది అదే ఆల్బమా, కాదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

ముందుగా ఈ పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. దీని పుట్టుక సంగీతంలో లేదు, ధరలో ఉంది. జపాన్‌లో 'సైహన్' అనే విధానం అమలులో ఉంది. గుత్తాధిపత్య నిరోధక చట్టానికి 1953లో చేసిన సవరణ దీనికి ఆధారం. దీని ప్రకారం పుస్తకాలు, పత్రికలు, రికార్డులు వంటివాటికి ప్రచురణకర్త ఒక ధర నిర్ణయించి, దుకాణదారు ఆ ధరకే అమ్మేలా కట్టడి చేయవచ్చు. సీడీలు వచ్చాక అవీ ఈ కోవలో చేరాయి. దిగుమతి చేసుకున్న సీడీలకు మాత్రం ఈ కట్టుబాటు లేదు. 1985 నాటి ప్లాజా ఒప్పందం తరువాత యెన్ బలపడటంతో దిగుమతులు మరింత చవకయ్యాయి. టోక్యోలోని షిబుయా వంటి చోట్ల పెద్ద దుకాణాల్లో ఒకే ఆల్బమ్ రెండు ధరల్లో దొరికేది: జపాన్ ముద్రణ సుమారు 2,500 యెన్లు, అమెరికా నుంచి వచ్చినది తరచు 2,000 లోపే.

ఎక్కువ ధర పెట్టి స్వదేశీ ముద్రణను ఎందుకు కొనాలి? ఈ ప్రశ్నకు జపాన్ కంపెనీలు మూడు సమాధానాలు సిద్ధం చేసుకున్నాయి. సంగీత విమర్శకుడు రాసిన వ్యాఖ్య, పాటల సాహిత్యానికి జపనీస్ అనువాదం, మరెక్కడా లేని ఒక అదనపు పాట. సీడీ పెట్టె అంచుకు చుట్టిన 'ఒబి' అనే కాగితపు పట్టీ మీద ఈ సంగతి ప్రకటించేవారు. మొదటి రెండూ ఆల్బమ్‌కు బయట నిలిచిన వ్యాఖ్యానాలు. మూడవది ఆల్బమ్‌లోకే ప్రవేశించింది.

ఈ వ్యాపార రహస్యాన్ని దాచకుండా చెప్పిన బృందం నిర్వాణ. వారి 1993 నాటి 'ఇన్ యూటెరో' ఆల్బమ్ అమెరికాయేతర సీడీల్లో, చివరి పాట 'ఆల్ అపాలజీస్' తరువాత సుమారు ఇరవై నిమిషాల నిశ్శబ్దం, ఆపైన రియో డి జనీరోలో ఆశువుగా వాయించి రికార్డు చేసిన ఒక పాట ఉంటాయి. డాలరు విలువ పడిపోయింది కనుక ఇది కొనుగోలుకు ప్రోత్సాహకం అని అర్థం వచ్చే మాటలు ఆ సీడీల మీదే అచ్చయ్యాయి. పరిహాసమే అయినా ఇంతకన్నా సూటియైన నిర్వచనం దొరకదు. పైగా ఆ సుదీర్ఘ నిశ్శబ్దం అసలు ముగింపుకు ఒక కంచెలా నిలిచింది. సాధారణంగా జపాన్ సీడీల్లో అలాంటి కంచె ఉండదు.

దాని ఫలితం బ్యోర్క్ 'పోస్ట్' (1995) విన్నప్పుడు తెలుస్తుంది. ఆ ఆల్బమ్ చివరి పాట 'హెడ్‌ఫోన్స్'. అరమూసిన కళ్ళతో, చెవిలో మాత్రమే మోగే ధ్వనుల మధ్య నిద్రలోకి జారిపోవడం దాని వస్తువు. గొంతు కూడా గుసగుసగా కరిగిపోతుంది. జపాన్ ముద్రణలో ఆ వెంటనే 'ఐ గో హంబుల్' మొదలవుతుంది. యంత్రాల లయ మీద నడిచే చురుకైన పాట. విడిగా వింటే మంచి పాటే. కానీ ఇక్కడ అది నిద్రపట్టిన మనిషిని భుజం తట్టి లేపుతుంది. పాటలో దోషం లేదు, స్థానంలో ఉంది.

బెక్ 'సీ చేంజ్' (2002) సంగతి వేరు. దీర్ఘకాల బంధం తెగిన తరువాత పుట్టిన ఆ పాటలు, మందగతిలో సాగే 'సైడ్ ఆఫ్ ద రోడ్'తో దారి పక్కన ఆగిపోతాయి. ఓదార్పు చెప్పకపోవడమే ఆ ముగింపు బలం. జపాన్ శ్రోతకు ఆ తరువాత 'షిప్ ఇన్ ఎ బాటిల్' వినిపిస్తుంది. దాని నడక కాస్త తేలిక. దుఃఖం ఆగిపోయిన చోట మళ్ళీ చిన్న కదలిక పుడుతుంది. నా మటుకు మొదటి ముగింపే నిజాయితీగా అనిపిస్తుంది. అయినా రెండవదాన్ని పొరపాటు అనలేను. అది మరో పాఠాంతరం.

వ్యాపారం కోసం చేర్చినది గనుక ఇది ప్రక్షిప్తమేనని కొట్టివేయవచ్చా? ఆ వాదం నిలవదు. ఎల్‌పీ రికార్డుకు రెండు వైపులుండటం, ఒక్కో వైపు ఇరవై నిమిషాల చిల్లర మాత్రమే పట్టడం కూడా సంగీతం కోరుకున్న పరిమితులు కావు. ఆల్బమ్ అనే రూపమే సాంకేతికత, వ్యాపారం కలిసి గీసిన గిరిలో పెరిగింది. కాబట్టి పాట ఎందుకు చేరిందన్నది చరిత్ర. చేరి ఏం చేసిందన్నది విమర్శ. మొదటిదాన్ని చూపించి రెండవదానికి తీర్పు చెప్పలేం.

కాలం కూడా కొన్ని తీర్పులను మార్చింది. మ్యూజ్ బృందం 'ఆరిజిన్ ఆఫ్ సిమెట్రీ' (2001) చర్చి ఆర్గన్ ఘోషతో సాగే 'మెగలోమేనియా'తో ముగుస్తుంది. జపాన్ ముద్రణలో మాత్రం 'ఫ్యూచరిజం' అదనం. ఇరవై ఏళ్ళ తరువాత, 2021లో ఆ ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చేసి విడుదల చేసినప్పుడు ఆ పాటను కూడా అందులో చేర్చారు. ఒకనాడు ధర సమర్థనకు వచ్చిన పాట కళాకారుల సమ్మతితోనే మూలంలోకి నడిచింది. జపాన్ శ్రోతలకు మాత్రం అది మొదటినుంచీ మూలంలో భాగమే.

ఇక్కడే విమర్శకు ఒక బాధ్యత ఉంది. ఒకే పేరుతో ఒకే ఏడాది వచ్చిన ఆల్బమ్‌ను రెండు శ్రోతృసమాజాలు రెండు ముగింపులతో విన్నాయి. ఏ పాఠాన్ని విన్నామో చెప్పకుండా ముగింపు గురించి తీర్పు చెప్పడం, ఏ ప్రతి చదివామో చెప్పకుండా కావ్యాన్ని విమర్శించడం వంటిదే. భండార్కర్ సంస్థ వారి మహాభారత సంశోధిత ప్రతి, మూలానికి చెందవని భావించిన శ్లోకాలను పారవేయలేదు. పుటల అడుగున, అనుబంధాల్లో భద్రపరిచింది. ఏది ఎక్కడిదో పాఠకుడికి తెలుస్తుంది. నేటి స్ట్రీమింగ్ జాబితాల్లో ఈ విచక్షణ కనిపించదు. అదనపు పాట పూర్తిగా మాయమవుతుంది, లేదా 'డీలక్స్' పేరుతో అసలు పాటల వెంట గుర్తు లేకుండా కలిసిపోతుంది. ఒబి పట్టీ వ్యాపార ప్రకటనే కావచ్చు. కానీ అసలు ఎక్కడ ముగిసిందో, కొసరు ఎక్కడ మొదలైందో అది శ్రోతకు చెప్పింది. ఆ పని ఇప్పుడు విమర్శకులు చేయాలి.