లింకుకు పాలిష్ పట్టే పనితనం

పసుపు సీజన్ వచ్చిందంటే మోర్తాడ్ ఫోన్లలో నిజామాబాద్ యార్డు ధరల వీడియోలే తిరుగుతాయి. రైతు పంపిన లింకును దుబాయ్‌లోని కొడుకు నొక్కుతాడు, మస్కట్‌లోని మేనమామకూ పంపుతాడు. ధర అందరికీ చేరుతుంది. ఎవరి లింకు ఎవరి దాకా పోయిందో ఆరా తీసే వీలు కూడా దాంతోపాటే యూట్యూబ్‌కు కలుగుతుంది. యూట్యూబ్‌లో షేర్ నొక్కితే వచ్చే లింకు చివర ‘ఎస్ఐ’ అని, దాని పక్కన అర్థంకాని అక్షరాలు ఉంటాయి. వీడియో ఆడటానికి వాటితో పనే లేదు.

ఇలాంటి గుర్తులు ఇప్పటివి కావు. ఏ ప్రకటన చూసి వచ్చామో చెప్పే ‘యూటీఎం’లో మొదటి అక్షరం అర్చిన్ అనే కంపెనీది, దాన్ని గూగుల్ 2005లో కొన్నది. 2018 నుంచి ఫేస్‌బుక్ బయటికి పోయే లింకులకు ‘ఎఫ్‌బీక్లిడ్’ తగిలిస్తోంది.

వీటిని రాల్చే పనిముట్లలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పని ముచ్చటగా ఉంటుంది. 2022 జూన్‌లో వచ్చిన 102వ వెర్షన్, కఠిన రక్షణ పెట్టుకున్నవారికి పేజీ తెరిచేటప్పుడే కొన్ని గుర్తులను తీసేయడం మొదలుపెట్టింది. 2023 నవంబర్ నాటి 120వ వెర్షన్‌లో, కంప్యూటర్‌లో లింకు మీద రైట్ క్లిక్ చేసి ట్రాకింగ్ లేకుండా కాపీ చేసుకునే వీలొచ్చింది.

లింకులో ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా కోసేస్తే పోలేదా అనిపిస్తుంది. అసలు నేర్పు అక్కడే ఉంది. యూట్యూబ్ పొడుగు లింకులో ఏ వీడియోనో చెప్పే ‘వి’, ఎన్నో సెకను నుంచి చూడాలో చెప్పే ‘టి’ రెండూ ప్రశ్నార్థకం తర్వాతే ఉంటాయి. పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము పొట్టు, వేర్లు రాల్చాలి గానీ కొమ్ము విరగ్గొట్టకూడదు. అందుకే కాపీ చేసేటప్పుడు ఫైర్‌ఫాక్స్ వాడే జాబితాను రెండు పాళ్లు చేశారు. ‘యూటీఎం’ లాంటివి ఎక్కడ కనబడ్డా పోతాయి. కొన్ని పేర్లను మాత్రం ఫలానా సైటులోనే తీస్తారు, ఎందుకంటే ఒకచోట నిఘాకు వాడే రెండక్షరాలు ఇంకోచోట అసలు పనికే అక్కరకు రావచ్చు. ఈ కోతంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. శుభ్రం చేయడానికని లింకును ఇంకెవరికో చూపించాల్సిన పని లేదు. కోడ్ కూడా బహిరంగమే, తెలిసినవారెవరైనా చదివి తప్పు పట్టొచ్చు.

దీనికీ హద్దులున్నాయి. కురచ లింకు వెనక ఏముందో ఇది విప్పదు. అకౌంటుతో లాగిన్ అయి చూస్తే సైటుకు మనం తెలిసే ఉంటాం. పేజీ లోపలి ట్రాకర్లకు అడ్డం పడాలంటే, రేమండ్ హిల్ విరాళాలు తీసుకోకుండా నడుపుతున్న యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ పనిచేస్తుంది.

ఇవేవీ లేని ఫోన్‌లోనైనా, పంపేముందు యూట్యూబ్ షేర్ లింకులో ‘ఎస్ఐ’ని, దాని విలువను చెరిపేస్తే చాలు, వీడియో నిక్షేపంగా ఆడుతుంది. మన గుట్టుతోపాటు, మనల్ని నమ్మి ఆ లింకు నొక్కేవాళ్ల గుట్టూ అంతమేరకు దక్కుతుంది.