మోటారు సైకిలు సొగసు: ఒక ఔచిత్య విచారము

కావ్యమును, చిత్రమును, నాట్యమును విమర్శింపగలవారు మనలో పెక్కుండ్రు కలరు. చీర అంచును గూర్చియు, వీణ కుండ చెక్కడమును గూర్చియు ఒక పూటంతయు చర్చింపగల పెద్దలు మన కుటుంబములలో నేటికిని ఉన్నారు. కాని ఇంగ్లండులో నివసించు కుమారుడో కుమార్తెయో తాము కొనదలచిన మోటారు సైకిలు చిత్రమును ఇంటికి పంపినప్పుడు మాత్రము మనకు రెండే ప్రశ్నలు తోచును. వెల యెంత? ప్రమాదము లేదు గదా? ఇవి న్యాయమైన ప్రశ్నలే. అయినను ఆ చిత్రము పంపినవారు అడిగినది వేరు. చూచుటకు బాగున్నదా అని వారు అడిగిరి. ఈ ప్రశ్నకు విమర్శకులు సమాధానము చెప్పకపోవుటచే దానిని ప్రకటనలు వ్రాయువారికి వదలివేసినట్లైనది. మెరయునదెల్ల అందమని వారు చెప్పుచున్నారు, యువకులు నమ్ముచున్నారు.

క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున కాశ్మీరమున వెలసిన ఆలంకారికుడు. కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని ఆయన ఔచిత్యవిచారచర్చయందు ప్రతిపాదించెను. మొలనూలును మెడలో వేసికొని, హారమును నడుమునకు చుట్టుకొన్నవారు నగలు ధరించినవారు కారు, నవ్వులపాలైనవారని ఆయన భావము. నగలో దోషము లేదు. దోషము చోటులో ఉన్నది. మోటారు సైకిలు సొగసును పరీక్షించుటకు ఇంతకంటె మేలైన గీటురాయి మాకు కానరాలేదు. ఈ అవయవము ఏ పనికై పుట్టినది, ఆ పనిని ఇప్పటికిని చేయుచున్నదా, ఎక్కువారి శరీరమునకును ఊరి వాతావరణమునకును వీధి మర్యాదకును ఒదుగుచున్నదా అని అడుగుచు పోయినచో సొగసెంతయో వేషమెంతయో తేలిపోవును.

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. మైసూరులో 1961 మొదలు 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లను కర్ణాటకములోని మనవారు బాగుగ ఎరుగుదురు. నమూనా చెకొస్లొవేకియా దేశమునది. యెజ్డీ యను పేరు 1973లో వచ్చినది. ఆ బండికి ఇంజనును తన్ని లేపు కడ్డీయు, గేరు మార్చు కడ్డీయు ఒక్కటే. లోనికి నొక్కి పైకి త్రిప్పినచో తన్నుటకు పనికివచ్చును. తిరిగి దించినచో గేరు మార్చుటకు ఉపకరించును. ఒకే పదముతో రెండర్థములు పలికించు శ్లేష వంటిదది. చూచువారిని మురిపించుటకై పెట్టిన శ్లేష కాదు, పనిలోనుండి పుట్టిన శ్లేష. ఇట్టిదానిని మేము సొగసందుము.

విదేశములలో ఇంగ్లండును ప్రత్యేకముగ తీసికొనుటకు కారణము కలదు. మోటారు సైకిలు అనగానే లోకమునకు తట్టు రూపము, అనగా గుండ్రని దీపము, జారబోవు నీటిబొట్టువంటి ట్యాంకు, ఏ కప్పును లేక కంటికి కనబడు ఇంజను, పొడవైన సమతలపు సీటు, ఇవన్నియు పెక్కుపాళ్ళు 1937కును 1960కిని నడుమ ఆ దేశమున కుదురుకొన్నవి. 1937లో ట్రయంఫ్ సంస్థ ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన స్పీడ్ ట్విన్ బండిని ప్రకటించెను. రెండు సిలిండర్లు ప్రక్కప్రక్కన నిలిచియున్నను అది ఒంటి సిలిండరు బండి కంటె లావుగ కానరాదు. 1950లో నార్టన్ పందెపు బండ్లకు మెక్‌కాండ్లెస్ సోదరులు కూర్చిన చట్రము ఎంత మెత్తగ సాగినదనగా, ఈకల పరుపను ముద్దుపేరు దానికి నిలిచిపోయినది.

లండనులో ఏస్ కెఫే యను ఫలహారశాల 1938లో వెలసి, యుద్ధమున బాంబుదెబ్బకు కూలి, 1949లో మరల లేచినది. 1960 ప్రాంతమున అచటికి చేరుచుండిన యువకులు తమ బండ్ల హ్యాండిళ్ళను క్రిందికి దించిరి; పాదములు మోపు కడ్డీలను వెనుకకు జరిపిరి. గాలిని చీల్చుకొని పోవుటకు వంగవలెను గనుక వంగిరి. ఆ వంగుటలో అర్థమున్నది. నేటి లండనులో పెక్కు వీధులలో గంటకు 20 మైళ్ళకు మించి పోరాదు. ఆ వీధులలో మణికట్టులపై దేహభారమును మోపి, మెడను నిక్కించి, ఎర్రదీపము ముందర అదే భంగిమలో నిలిచియుండు యువకుని చూడుడు. క్షేమేంద్రుని మొలనూలు మెడకెక్కినది.

ఈ పాత రూపమును మరల పోతపోసినవారిలో ట్రయంఫ్ వారు ముఖ్యులు. మెరిడెన్ గ్రామమునందలి వారి కర్మాగారము 1983లో మూతపడెను. జాన్ బ్లూర్ ఆ పేరును కొని, హింక్లీలో క్రొత్త కర్మాగారము నెలకొల్పి, 1991లో బండ్లను విపణికి తెచ్చెను. 1959 నాటి బానెవిల్ పేరు 2001లో తిరిగి బండిపైకి వచ్చినది. పాత బానెవిల్ ఘనత అంతయు దాని జంట కార్బురేటర్లలో ఉండెను. ఆ రెండింటివలననే దానికి వేగము, వేగమువలననే పేరు. 2008లో ఇంధనమును యంత్రమే కొలిచి చిమ్ము పద్ధతి క్రొత్త బండికి వచ్చినది. అప్పుడు నిర్మాతలు ఏమి చేసిరి? ఆ చిమ్ము పరికరమును కార్బురేటరు ఆకారముగల తొడుగులో దాచిరి.

ఇచట మేము కొంచెము ఆగదలచినాము. పాత కార్బురేటరు బాగుండుటకు అది కార్బురేటరై యుండుటే కారణము. క్రొత్త పరికరము తన పనిని అంతకంటె చక్కగ చేయుచున్నది. పొగ తక్కువ, చలికాలపు ఉదయమున మొరాయింపు తక్కువ. అట్టి సమర్థుడు చచ్చినవాని ముసుగు వేసికొని నిలువవలసిన అగత్యమేమి? 2016 నుండి ఇంజనును చల్లార్చు ప్రధానకార్యమును నీటికి అప్పగించిరి. అయినను గాలికి చల్లారు కాలపు రెక్కలు సిలిండరు చుట్టును మిగిలియున్నవి, నీటిని చల్లార్చు పెట్టె మాత్రము చట్రపు గొట్టముల నడుమ నక్కియున్నది. ముసుగు నేర్పుతో కుట్టబడినదని ఒప్పుకొనక తప్పదు. రంగు పూత, కుట్టుపని, లోహపు నునుపు, వీటిలో ఆ బండికి వంక పెట్టజాలము. ప్రాచీన ఛందస్సులో నేటి విషయమును చెప్పుట తప్పు కాదు. వ్రాతప్రతికి చెదలు తిన్న గుర్తులు కూడ చిత్రించి అమ్ముట మాత్రము కొంచెము అతిశయము.

దీని ప్రక్కన నిలుపదగినది రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి ఇంటర్‌సెప్టర్ 650. మన మదరాసువారికి ఈ పేరు చుట్టము వంటిది గనుక ఆ మమకారమును పక్కనపెట్టి చూడవలెను. ఇంగ్లండులోని రెడ్డిచ్ సంస్థతో మదరాసు మోటార్సు వారు 1955లో కలిసి, తిరువొత్తియూరులో బుల్లెట్ బండ్ల తయారీకి పునాది వేసిరి. 1970 ప్రాంతమునకు ఇంగ్లండులో ఆ పేర బండ్లు తయారగుట ఆగిపోయినది, తిరువొత్తియూరులో ఆగలేదు. పుట్టింట దీపమారినను మెట్టినింట వెలిగినదన్నమాట. 1977లో మదరాసు బుల్లెట్లు ఇంగ్లండునకే ఎగుమతి కాజొచ్చినవి. తరతరములుగ పరప్రాంతమున మాతృభాషను నిలుపుకొన్న మనకు ఈ చరిత్ర కొంత తెలిసినట్లే తోచును.

ఇంటర్‌సెప్టర్ అను పేరు 1960 నాటిది. 2018లో అమ్మకమునకు వచ్చిన క్రొత్త బండి తమిళనాడులో తయారగుచున్నది. చట్రమును కూర్చినవారు ఇంగ్లండునందలి హ్యారిస్ సంస్థవారు. ఇంజను 648 ఘనసెంటీమీటర్లు. చల్లార్చునది గాలియు, నూనెయు. కనుక దాని రెక్కలు రెక్కలే. వేడెక్కిన లోహమునుండి వేడిమిని గాలికి అందించుచు అవి తమ జీతమును తాము సంపాదించుకొనుచున్నవి. ముందర రెండు గుండ్రని గడియారములు, ఒకటి వేగమునకు, ఒకటి ఇంజను చుట్లకు. ఇంధనము మాత్రము ఇందును చిమ్ము పద్ధతినే వచ్చును. దానికి తొడుగు నాటకము అంతగా లేదు. ట్యాంకు 13.7 లీటర్లు పట్టును, చిన్నదే. కాని దానిని పెంచినచో ఆ బొట్టు ఆకారము కుండగ మారును. ఈ స్థలమున రూపమునకై ఉపయోగమును కొంత తగ్గించిరి. ఆ తగ్గింపును మేము క్షమింపగలము.

నాదమును గూర్చియు ఒక మాట. పాత ఇంగ్లీషు జంట సిలిండర్ల బండ్లలో రెండు పేలుడులును సమానమైన ఎడముతో వచ్చెడివి. ఇంటర్‌సెప్టర్‌లోను, 2016 తరువాతి బానెవిల్‌లోను క్రాంకు 270 డిగ్రీల ఎడముతో ఉండుటచే ఆ లయ విషమమైనది. కొంచెము కుంటుచు నడచు తాళము. పాతకాలమును పూర్తిగ అనుకరింపక, చెవికి నచ్చిన క్రొత్త గతిని ఎన్నుకొనుట మాకు సంతోషము కలిగించినది. ముసుగులేని చోట ఈ బండ్లు ఎంత ధైర్యముగ ఉండగలవో ఇది చూపుచున్నది.

దోషము లేదనము. పెట్రోలు పోయకమునుపే 202 కిలోల బరువు. వాలు వీధిలో దానిని వెనుకకు నెట్టవలసివచ్చినప్పుడు సొగసంతయు చెమటయగును. దాని తోబుట్టువైన కాంటినెంటల్ జీటీ చిత్రమున మరింత అందము. అయితే దాని హ్యాండిలు క్రిందికి దిగినది, కూర్చుండువారు వంగవలెను. ఆదివారపు విహారమునకు సరే. ప్రతిదినము కార్యాలయమునకు పోవువారికి ఆ వంగుట ఔచిత్యము తప్పినదని ముందే చెప్పియున్నాము.

చట్టము కూడ ఔచిత్యములో భాగమే. మన దేశపు అనుమతిపత్రముతో ఇంగ్లండున స్థిరపడినవారు అందలి తరగతుల బండ్లను 12 నెలలు మాత్రమే నడుపవచ్చును. ఆ పిమ్మట అచటి తాత్కాలిక పత్రము తీసికొని పరీక్షలు ఇచ్చుకొనవలెను. మొదటి మెట్టు శిక్షణ పూర్తియైనవారికి 125 ఘనసెంటీమీటర్ల లోపు బండి. దానిపై ఎర్రని అభ్యాస చిహ్నము. వెనుక ఎవరిని కూర్చుండబెట్టుకొనరాదు, పెద్ద మోటారు రహదారులపైకి పోరాదు. 19 ఏండ్లు నిండిన పిమ్మట నడుమ మెట్టు పరీక్ష తేరినవారికి 35 కిలోవాట్ల శక్తి వరకు అనుమతి. హద్దు లేని పత్రము నేరుగ పొందుటకు 24 ఏండ్లు రావలెను. ఇంటర్‌సెప్టర్ శక్తి 35 కిలోవాట్లకు లోబడియే ఉన్నది. ఈ కొలత యాదృచ్ఛికము కాదు. కత్తిరించి కుదించిన పెద్ద బండిగ గాక, ఆ మెట్టుపై నిలుచు యువకునికే సరిపోవు సంపూర్ణమైన బండిగ దానిని కూర్చిరి.

ఇక వాన. ఇంగ్లండున వాన మన తుఫానువలె వచ్చి పోదు. కూర్చుండి మాటలాడు చుట్టమువలె ఉండును. చలికాలమున రోడ్లపై మంచు పేరుకొనకుండ ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు మెరుగు పూతలను పొక్కించును, నునుపు చేసిన అల్యూమినియముపై తెల్లని బూజువంటి పొరను పుట్టించును. ఎంత మెరుపు కొన్నారో అంత కడుగుడు కొన్నారన్నమాట. ఈ దేశమునకు తగిన నగ ఏదియనగా, నిండైన మడ్‌గార్డు. దానిని సగము కోసి చక్రమును బయటపెట్టుట నేటి వేడుక. ఆ కోసిన మేర బురద వెనుకవాని వీపుపైకిని, ముందువాని మోకాళ్ళపైకిని ఎక్కును. చిత్రపటములలో వాన ఉండదు గనుక ఈ సంగతి అందు కానరాదు.

సైలెన్సరు మార్చుట మరొక వేడుక. బుల్లెట్ వీధిమలుపు తిరుగకమునుపే దాని చప్పుడు మన ఊళ్ళలో ఇంటికి చేరెడిది. ఆ చప్పుడు విని పొయ్యిపై కాఫీ పెట్టిన ఇండ్లున్నవి. అది మన వీధి, మన మనుష్యులు. గోడకు గోడ ఆనియున్న ఇండ్ల వరుసలో, తెల్లవారకమునుపు ఆసుపత్రి పనికి బయలుదేరు పరదేశి యొకడు అట్టి చప్పుడు చేసినచో ఇరుగుపొరుగువారికి అతని రాక ఎట్లు తోచును? అచట కొన్ని సైలెన్సర్లపై రోడ్డు మీద వాడరాదని ముద్రవేసియే అమ్ముదురు. కొనువారు ఆ ముద్రను చదువనట్లు నటింతురు. రంగు ఎంత గాఢమైనను మేము సహింతుము. ఒకరి నిద్రపై నిలుచు సొగసును సహింపము.

కావున ప్రతిదినము నడుపు బండికి మా ఎన్నిక ఇంటర్‌సెప్టర్, మడ్‌గార్డులు కోయక, సైలెన్సరు మార్చక. వెచ్చించు శక్తియు, పూర్తి పత్రమును కలిగి, తొడుగు తొడుగేయని ఎరిగి కొనువారికి బానెవిల్ తగును. ఏదైనను అంగడిలో కూర్చుండి చూడవలెను. ఇంటర్‌సెప్టర్ సీటు ఎత్తు 804 మిల్లీమీటర్లు; మనవారిలో కొందరికి రెండు మడమలును నేలకు ఆనవు, మునివేళ్ళు మాత్రమే ఆనును. తడిసిన రోడ్డుపై ఆ తేడా చిన్నది కాదు. రాత్రివేళ బండిని గొలుసుతో కట్టివేయుటకు చోటున్నదా యనునది కూడ కొనకమునుపే చూచుకొనవలసిన సంగతి. లండనులో బండి దొంగలు రసికులే, అందమైనదానినే ఎన్నుకొందురు.

పాతదే కావలెనని పట్టుబట్టువారు కొందరుందురు. వారికి 1977 తరువాత మదరాసునుండి పోయిన బుల్లెట్లు ఇంగ్లండులో నేటికిని అక్కడక్కడ దొరకును. అందు ముసుగేమియు లేదు. కార్బురేటరు కార్బురేటరే, రెక్కలు రెక్కలే. కాని ఆ బండ్లలో గేరు కుడికాలికిని, బ్రేకు ఎడమకాలికిని ఉండును. నేటి బండ్లపై నేర్చుకొన్నవారి కాలు ఆపదవేళ బ్రేకనుకొని గేరును త్రొక్కును. కనుక దానిని ఎండకాచిన ఆదివారమున, పల్లెదారిలో, తీరికగ నడుపుకొనవలెను. సోమవారము ఉదయమున కార్యాలయమునకు వేరొకదానిపై పోవలెను.