షేర్వానీ ఎవరిది?

కిందటేడు మా చిన్నోడి బడిలో జాతీయ సమైక్యత వేషాలు వేయించారు. వాడికి ముస్లిం వేషం ఇచ్చారు. షేర్వానీ, టోపీ తెచ్చుకోమన్నారు. ‘‘అబ్బా, మరి నేను రోజూ వేసుకునేది ఎవరి డ్రెస్?’’ అని అడిగాడు. జవాబు వెతుక్కుంటూ రాయికల్‌లో దాదీ సందూకు తెరిచాను.

అందులో మా అబ్బా ఫోటో ఉంది. ఆరేళ్లప్పుడు జగిత్యాలలో దిగింది. షేర్వానీ, నల్లటోపీ, గొంతు దాకా గుండీలు. చూసినవాళ్లు ‘నవాబు బిడ్డ’ అంటారు. దాదీ చెప్పింది వేరు. ఆ షేర్వానీ అరువు తెచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. అందుకే ఫోటో మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. మిగతా రోజుల్లో అన్న విడిచిన అంగీ, గుండీల్లేని లాగు. ఇంకా చిన్నప్పుడు మొలతాడు, మెడలో తావీజ్. పక్కింటి సాలోళ్ల పిల్లగాడికీ అంతే. తావీజ్ కూడా ఒకే ముల్లాసాబ్ కట్టింది.

హైదరాబాద్ రాజ్యంలో పిల్లల బట్టల ముచ్చట రాగానే రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఫోటోలు ముందు పెడతారు. ఆయన ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. గొప్ప ఫోటోలే. కాని అవి కెమెరా ముందు కూర్చోగలిగిన వాళ్లవి. వాటినే ముస్లింలందరి గతంగా చూడటం సెక్యులర్ మిత్రుల పొరపాటు. ‘మా జమానా’ అని కలవరించే మనవాళ్లదీ అదే తప్పు. వాళ్లు మనల్ని నవాబులని నిందిస్తారు. వీళ్లు నవాబులమని మురిసిపోతారు. నడుమ గుండీల్లేని లాగు మాయమవుతుంది.

అసలు షేర్వానీ ముస్లింలకే రాసిచ్చిందా? నిజాం రాజ్యంలో అది కచేరీ బట్ట. హిందూ ఉద్యోగులూ తొడిగారు. రూమీ టోపీని 1925లో టర్కీయే నిషేధించింది. హైదరాబాద్‌లో మాత్రం అది నిలిచింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత మా దాదా తన టోపీని సందూకు అడుగున పెట్టాడు. మళ్లీ తీయలేదట. బట్టలో మతమే కాదు, భయం కూడా ఉంటుంది.

ఇక పీర్ల పండుగ. మొహర్రంలో మొక్కున్న పిల్లల్ని ఫకీర్లను చేసేవాళ్లు. ఆకుపచ్చ అంగీ, మెడలో దారాలు, భుజాన జోలె. పుట్టిన పిల్లలు దక్కని హిందూ తల్లులు కూడా కొడుకులకు ఈ వేషం కట్టారు. ఊళ్లలో ఫకీరయ్యలు, హుసేనయ్యలు అట్లా మిగిలినవాళ్లే. సమైక్యత పేరుతో వేయించే వేషాల్లో ఈ ఆకుపచ్చ అంగీకి చోటెందుకు లేదు? అది కలిపి చూపిస్తుంది. వాళ్లకు కావలసింది విడదీసి చూపించి, తర్వాత చేతులు కలిపించడం.

సర్కారు బడి పిల్లల యూనిఫాం బట్టను సిరిసిల్ల మరమగ్గాలు నేశాయి. నేసేటప్పుడు ఆ బట్ట ఏ పిల్లగాడిదని ఎవరూ అడగలేదు.

మావాడు షేర్వానీ లేకుండా, రోజూ వేసుకునే యూనిఫాంలోనే వేదికెక్కాడు. ‘‘ఇదే ముస్లిం డ్రెస్’’ అన్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదట.